‘బాయ్’ అను పిలుపు

ఇంగ్లీషు భాషలో మూడక్షరముల మాటలు కొల్లలుగ గలవు. వానిలో ‘బాయ్’ అనునదొకటి. ఒకటవ తరగతి వాచకము చేతబట్టిన పసివాడు సైతము దానికి ‘బాలుడు’ అని అర్థము చెప్పగలడు. ఆ యర్థము తప్పు గాదు. కాని ఆ మాట లోకమున నడపుచున్న వ్యవహారములో అది యొక చిన్న పాలు మాత్రమే. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో ఏ వీధిని నడచినను దుకాణముల తలుపులమీద ‘డెలివరీ బాయ్స్ కావలెను’ అను కాగితములు అంటించియుండుట పాఠకులు చూచుచునే యున్నారు. ఆ కాగితము చదివి పనికి వచ్చువారెవ్వరు? మీసములు నెరసినవారు కలరు, పెండ్లికెదిగిన బిడ్డలు కలవారు కలరు, పట్టభద్రులు కలరు, పంట పోయి ఊరు విడిచి వచ్చిన రైతులు కలరు. నిజముగ పసివాడే వచ్చి నిలుచున్నచో, వానిని పనిలో పెట్టుకొన్న యజమాని 1986వ సంవత్సరపు బాలకార్మిక నిషేధ చట్టము క్రింద, 2016లో దానికి జరిగిన సవరణము ననుసరించి, శిక్షార్హుడగును. అనగా, బాలుడు కానివానినే తెచ్చుకొనవలెను; తెచ్చుకొన్న పిమ్మట వానిని బాలుడనియే పిలువవలెను! ఈ వింత యెట్లు పుట్టినదో, ఎన్ని దేశములు తిరిగి మన వాకిటికి వచ్చినదో విచారించుట నిష్ప్రయోజనము గాదని తలచి, ఈ వారము ఈ చిన్న మాటను చర్చకు తీసికొనుచున్నాము.

మన పగటివేషగాడు ఒకనాడు అర్ధనారీశ్వరుడై, మరునాడు సోమయాజులై వాకిట నిలుచును. ఈ మాటయు నట్టి బహురూపియే. ఇంగ్లీషువాడు తనతో చదివిన స్నేహితుని ‘ఓల్డ్ బాయ్’ అని పిలిచినపుడు అందు ఆప్యాయత గలదు. పాఠశాల విడిచి అర్ధశతాబ్దమైన ముదుసలియు ఆ పాఠశాలకు ‘ఓల్డ్ బాయ్’. అట్టివారు పదవులను, గుత్తలను తమలో తాము పంచుకొను కట్టుబాటునకు ‘ఓల్డ్ బాయ్ నెట్‌వర్క్’ అని పేరు. యుద్ధమునకు పోయిన సైనికులు ‘అవర్ బాయ్స్’. ఆశ్చర్యము గలిగినచో అమెరికావాడు ‘ఓ బాయ్!’ అనును, మనవారు ‘అబ్బో’ అన్నట్లు. భుజము తట్టవలసి వచ్చినచో ‘అటా బాయ్’ అనును. మగరాయనివలె తిరుగు బాలిక ‘టామ్‌బాయ్’. రాజకుమారుడు చేసిన తప్పునకు బదులుగ బెత్తపు దెబ్బలు తినువాడు ‘విప్పింగ్ బాయ్’. పశువుల మందలను తోలువాడు ‘కౌబాయ్’. ఆ కౌబాయే అట్లాంటిక్ మహాసముద్రము దాటి లండను చేరునప్పటికి, పని చెడగొట్టి సొమ్ము దండుకొను మేస్త్రీగా మారును. 1950వ దశాబ్దిలో ఎడ్వర్డు రాజు కాలపు కోటులు తొడిగి వీధులలో గుంపులుగ తిరిగిన పడుచువారు ‘టెడ్డీ బాయ్స్’. పందొమ్మిదవ శతాబ్దపు తుదిని లండను విలాసపురుషుల వాడుకలో ‘ది బాయ్’ అనగా షాంపేన్ మద్యము. నేటి యువజనులు చివరి అక్షరమును మార్చి వ్రాసి ఇంకను కొన్ని అర్థములు కల్పించుకొన్నారు. వానిలోనికి మేము పోము. ఇక 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమా నగరముపై జారవిడిచిన అణుబాంబునకు దానిని చేసినవారు పెట్టుకొన్న పేరు ‘లిటిల్ బాయ్’. ఆ చిన్నబ్బాయి యొక్క ఉదయమున ఒక పట్టణమును బూడిద గావించెను.

కొందరు ‘బాయ్‌కాట్’ అను మాటను కూడ ఈ కుటుంబములో చేర్తురు. అది సరి గాదు. అది 1880లో ఐర్లండునందలి మేయో మండలములో రైతులు వెలివేసిన ఒక జమీందారీ ఏజంటు ఇంటిపేరు. 1907లో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు పట్టణములలో ఉపన్యసించిన దినములలో ఆ మాట మనవారి నోటను మార్మ్రోగినది. దానితో మాకు విరోధము లేదు.

‘బాయ్’ శబ్దమునకు బాలుడనునది తొలి యర్థము గాదని నిఘంటుకారులు తేల్చియున్నారు. పదుమూడవ శతాబ్దమున ఇంగ్లీషు వ్రాతలలో ఇది కనబడనారంభించినపుడు సేవకుడు, హీనుడు, తుంటరి అనునవే దీని యర్థములు. మగబిడ్డ యను నర్థము పిమ్మట వచ్చి కుదురుకొన్నది. (ఆ కాలపు వాడుకలో ‘గర్ల్’ అను మాట ఆడ మగ భేదము లేక ఏ బిడ్డకైనను చెల్లెడిది, అది వేరు కథ.) దీని మూలమును గూర్చి పండితులు పలువిధముల తర్కించిరి. ఆ తర్కములలో నొకటి మిక్కిలి ఆలోచింపదగినది. సంకెళ్ళు వేయబడినవాడను నర్థము గల పాత ఫ్రెంచి మాటనుండి ఇది వచ్చెననియు, ఆ ఫ్రెంచి మాటకు లాటినులోని ‘బోయా’ అను పదము, అనగా కాలి సంకెల, మెడపట్టె, మూలమనియు ఆ తర్కము. ఇది సిద్ధాంతము గాదు, ఊహయే. అయినను ఈ మాట తరువాత చేసిన ప్రయాణమంతయు చూచినచో, ఆ సంకెల చప్పుడు దానిని విడువక వెంబడించినట్లే తోచును.

పనివానిని బిడ్డ యని పిలుచుట ఇంగ్లీషువారు కనిపెట్టిన విద్య గాదు. గ్రీకు భాషలో ‘పైస్’ అనగా బిడ్డయు బానిసయు. రోమను ప్రభువులు తమ బానిసలకు ‘మార్కసుగారి కుర్రవాడు’ అను నర్థము వచ్చునట్లు ‘మార్కిపోర్’ వంటి పేర్లు పెట్టిరి. ఆ బానిసకు మరి సొంత పేరు లేదు. ఫ్రెంచివాని ‘గార్సాన్’ పిల్లవాడును అగును, భోజనశాలలో పళ్ళెము తెచ్చువాడును అగును. ఇంగ్లీషులోనే మరియొక చిత్రము గలదు. పాత ఇంగ్లీషులో కుర్రవాడు, సేవకుడు అను నర్థములు గల మాటలు రెండుండెను. వానిలో నొకటి గుఱ్ఱమెక్కి కత్తిబట్టి ‘నైట్’ అను వీరబిరుదమైనది. రెండవది దిగజారి ‘నేవ్’, అనగా మోసగాడు, అయినది. ఒకే గుడిసెలో పుట్టిన అన్నదమ్ములలో ఒకడు సింహద్వారమునకు, ఒకడు చెరసాలకు పోయినట్లున్నది. మన భాషలోను ఇట్టి భాగ్యము పొందిన మాట లేకపోలేదు. బంటు అనగా సేవకుడు; కాని ఆంజనేయుని రామబంటు అన్నపుడు ఆ మాట తల యెత్తి నిలుచును. అదే బంటు కచ్చేరి గుమ్మములో డవాలా కట్టుకొని బంట్రోతైనపుడు ఎవ్వరును చేతులు జోడింపరు. కాఁబట్టి మాటలోనే దోషమున్నదని మేమనుట లేదు. ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో పిలిచిరను దానియందే సమస్తమును గలదు.

ఆ గొంతును షేక్‌స్పియరు చక్కగ నెరిగినవాడు. ‘కొరియొలేనసు’ నాటకపు చివరి యంకములో, తల్లి కన్నీటికి కరగి రోముపై దండయాత్ర మాన్పించిన మహావీరుని ఆఫిడియసు నిండుసభలో ద్రోహి యని నిందించును. ఆ నిందకు వీరుడు కోపించును. కాని తరువాత ఆఫిడియసు అతనిని ‘బాయ్’ అన్నపుడు కలిగిన మంట వేరు. ఆ యొక్క మాటనే మరల మరల తిరుగవేసికొని, తాను గెలిచిన యుద్ధమును వారికే జ్ఞాపకము చేసి రెచ్చగొట్టి, ఆ కోపములోనే కత్తులకు బలియగును. ద్రోహి యన్నవాడు తన శత్రువును మనిషిగా నంగీకరించుచున్నాడు. బాయ్ అన్నవాడు అదియు నంగీకరించుట లేదు.

ఇట్టి మాట మన తీరమున దిగినప్పుడు మరియొక మాట దాని కెదురుపడినది. అది మన తెలుగు మాటయే. పల్లకి మోయువానిని మనవారు ‘బోయీ’ అందురు. బోయవారి పేరునకు దీనికి గల చుట్టరికము స్పష్టము. నదుల యొడ్డున చేపలు పట్టు బెస్తవారు కూడ ఈ పల్లకి మోతలో ప్రసిద్ధి గన్నవారు. 1886లో అచ్చుపడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువునందు యూల్, బర్నెల్ అను పండితులు ఈ ‘బాయ్’ శబ్దమును రెండర్థములుగ విడదీసి చూపిరి. ఒకటి ఇంట సేవకుడు. అది ఇంగ్లీషు మాట. రెండవది పల్లకి మోయువాడు. అది తెలుగు, మలయాళములలోని ‘బోయి’ అను కులనామమునుండి వచ్చినదని వారి నిర్ణయము. గోవా పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమునాడే గొడుగు పట్టువానికి ఆ పేరు వ్రాసికొనియుండిరి. బ్రౌను దొర నిఘంటువున సైతము బోయీ పల్లకి మోతగాడే. ఇంగ్లీషు కుంపిణీ ఉద్యోగి మదరాసు నేలమీద పల్లకి దిగి, ‘బోయీ’ అను కేక విని, తన యింటి మాటయే యనుకొని సంతోషించియుండును. రెండు మాటలు కలసిపోయినవి. కలసిపోవుటచేత నష్టపడినది తెలుగు మాటయే.

ఏల నష్టమందురా? బోయీ యనునది వృత్తి పేరు. అందు నేర్పు గలదు. నలుగురి యడుగు ఒక్క యడుగుగ పడవలెను. ముందువాడు రాయి చూచి హెచ్చరించిన వెనుకవాడు భుజము సరిచేసికొనవలెను. లోపలి మనిషికి కుదుపు తెలియరాదు. రాత్రి ప్రయాణమైనచో దివిటీ వెలుగున ముండ్లదారి తప్పించుకొనవలెను. ‘ఓహోం ఓహోం’ అను ఊత యొక్క క్షణము తప్పరాదు. భుజము కాయకాచిన నలువదేండ్ల నేర్పరి బోయీగా నున్నంతవరకు పనివాడు. ‘బాయ్’ అయిన మరునిమిషమున పిల్లవాడు. వృత్తి నామము పోయి వయస్సు నామము వచ్చినది. ఆ వయస్సును అబద్ధము. మదరాసు రాజధానిలో దొర దుస్తులు తొడుగు నౌకరునకు ‘డ్రెస్సింగ్ బాయ్’ అని పేరు. వంగదేశపు దొరలు ‘కోయీ హై?’ అని కేకవేయుచుండగా, మన దక్షిణపు దొరలు ‘బాయ్!’ అని కేకవేసిరి. ఉత్తరమువాని కేకలో ‘ఎవడైన నున్నాడా’ అను ప్రశ్నయైన గలదు.

ఈ మాట ఓడలెక్కి తూర్పునకును పడమటికిని పోయినది. చీనా రేవు పట్టణములలో తెల్లవారి యిండ్ల నౌకర్లందరును ‘బాయ్’లే. జపాను భాషలో నేటికిని హోటలు పనివానికి ‘బోయి’ యనియే పేరు. ఇంగ్లీషనిన గిట్టని ఫ్రెంచివారు సైతము తమ ఆఫ్రికా వలసలలో నల్లవాడైన యింటి నౌకరునకు ఈ యింగ్లీషు మాటనే యెరువు తెచ్చుకొనిరి. కామెరూను రచయిత ఫెర్డినాన్ ఒయోనో 1956లో ప్రకటించిన నవల పేరులోనే ఆ మాట కూర్చుండియున్నది, ఒక ‘బాయ్’ జీవితమని. దక్షిణాఫ్రికాలో తోట పనివాడు ‘గార్డెన్ బాయ్’, ఇంటి పనివాడు ‘హౌస్ బాయ్’. బంగారు గనులలో తోటి కూలీల గుంపునకు నాయకుడుగ నుండు నల్లవానికి పెట్టిన పేరు మరియు విచిత్రము: ‘బాస్ బాయ్’. నాయకుడైనను బాలుడే! ఆ దేశమున మనవారికి వేరొక మాట కేటాయింపబడినది. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ మదరాసునుండి దర్బాను చేరినది మొదలు చెరకు తోటల చాకిరికి పోయిన తెలుగువారును తమిళులును, వారి వెనుక వచ్చిన వర్తకులును, అందరును ‘కూలీ’లే. లండనులో న్యాయశాస్త్రము చదివి వచ్చిన గాంధీ మహాత్ముడు ‘కూలీ బారిస్టరు’. కూలి యనగా చేసిన పనికి దక్కు ప్రతిఫలము. గౌరవమైన ఆ మాటయు బోయీవలెనే పరుల నోటబడి తిట్టుగా తిరిగి వచ్చినది.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఈ మాట చేసిన గాయము అన్నింటికంటె లోతైనది. బానిసత్వము 1865లో చట్టమునుండి తొలగినది గాని నోటినుండి తొలగలేదు. నల్లవాడు యౌవనములో ‘బాయ్’, ముదిమిలో ‘అంకుల్’, ఏ వయస్సునను ‘మిస్టర్’ గాడు. పుల్మన్ రైలు పెట్టెలలో ప్రయాణికులకు పక్కలు వేయు నౌకర్లను ‘బాయ్’ అనియు, లేదా కంపెనీ యజమాని పేరు జార్జి గాన వారందరిని ‘జార్జి’ అనియు పిలుచుట పరిపాటి. రోమను ప్రభువు ‘మార్కిపోర్’ మరల పుట్టెనన్నమాట. వారు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున సంఘము కట్టి, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీచేత ఒడంబడిక వ్రాయించుకొనిరి.

మెంఫిస్ పట్టణములో జరిగినది పాఠకులు ప్రత్యేకముగ గమనింపవలెను. 1968 ఫిబ్రవరి 1వ తేదీన, వాన కురియుచుండగా, చెత్తబండిలో తలదాచుకొన్న యిద్దరు పాకీపనివారు దాని యంత్రమున బడి నలిగి చనిపోయిరి. పదిదినములు దాటగానే ఆ పట్టణపు పారిశుద్ధ్యపు పనివారు సుమారు 1300 మంది పని మానిరి. వారు కోరినవి కూలి పెంపు, భద్రత, సంఘమునకు గుర్తింపు. కాని వారు మెడలో వ్రేలాడదీసికొని వరుసలుగ నడచిన అట్టలమీద కూలి మాట లేదు; ‘నేను మనిషిని’ అని మాత్రము వ్రాసియున్నది. ఇంగ్లీషులో ఆ ‘మ్యాన్’ అను మాట ‘బాయ్’ అను మాటకు సూటియైన సమాధానము. ఆ సమ్మెకు బాసటగ వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4వ తేదీన ఆ పట్టణమునందే కాల్చి చంపబడెను. ఏప్రిల్ 16వ తేదీన సమ్మె యొడంబడికతో ముగిసినది.

ఇది పాత కథ యని త్రోసివేయరాదు. అలబామా రాష్ట్రమున కోళ్ళ మాంసపు కర్మాగారములో పనిచేయు నల్లవారిద్దరు, తమకు రావలసిన హెచ్చు పదవి తెల్లవారికిచ్చిరని దావా వేసిరి. నిర్ణయము చేసిన పై యధికారి తమను ‘బాయ్’ అనెడివాడని సాక్ష్యము. క్రింది న్యాయస్థానము, ఆ మాటకు ముందు ‘నల్ల’ అనియో ‘తెల్ల’ అనియో విశేషణము లేకున్న అది జాతిద్వేషమునకు సాక్ష్యము గాదన్నది. 2006లో అమెరికా ఉన్నత న్యాయస్థానము ఆ తర్కమును త్రోసివేసినది. విశేషణము లేకపోయినంతమాత్రాన మాట నిర్దోషి గాదనియు, సందర్భము, ఉచ్చారణ, గొంతు, స్థానికాచారము, పూర్వపు వాడుక, ఇవన్నియు విచారింపవలెననియు తీర్పు చెప్పినది. నిఘంటువు చూపించి తప్పించుకొనుటకు వీలులేదని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్మానించుట భాషాశాస్త్రజ్ఞులకు కూడ పాఠమే.

ఇంతవరకు చదివి, దోషమంతయు తెల్లవానిదే యని నిట్టూర్చువారు కొందరుందురు. వారి నిట్టూర్పులో మేము పాలుపంచుకొనజాలము. ఇంగ్లీషువాడు రాకముందే మన లోగిళ్ళలో ఈ వ్యవహారము నడచుచుండెను. పదేండ్ల దొరబిడ్డ అరువదేండ్ల పాలేరును ‘ఒరే’ యని పిలుచుట మన పల్లెలలో ఎవరికిని వింతగ తోచలేదు. ‘గారు’ అను రెండక్షరములు కొన్ని వాడలకు పోయెడి దారి మరచినవి. తెలంగాణములో వెట్టి యేలిన దినములలో పేదవాడు దొర గడియ ముందు ‘నీ బాంచెను, కాల్మొక్త’ యని తన్ను తాను బానిసగా చెప్పుకొననిదే నోరు విప్పుటకు లేదు. 1946 మొదలు 1951 వరకు అక్కడ జరిగిన సాయుధపోరాటము భూమికొరకు జరిగినది, నిజమే. కాని ఆ మాట నోటనుండి తుడిచివేయుటకు కూడ జరిగినది. వెట్టిచాకిరిని దేశమంతట రద్దుచేయు చట్టము 1976లో వచ్చినది. ‘ఒరే’ చెల్లని చోట్ల నేడు ‘బాయ్’ చెల్లుచున్నది. ‘ఒరే’ యన్నచో తగవు వచ్చును; ‘బాయ్’ అన్నచో నాగరకత యగును. ఇంగ్లీషు మాటలో మనకు గల సౌకర్యమిదియే కాఁబోలు: పాత తిట్టునకు క్రొత్త చొక్కా.

చుట్టును చూడుడు. ఆసుపత్రిలో రోగిని మంచముమీదినుండి బల్లబండి మీదికి, మరల మంచముమీదికి, ఎముక కదలకుండ చేర్చువాడు ‘వార్డు బాయ్’. రైలు నడపువారిని అర్ధరాత్రి ఇండ్లకు పోయి లేపి పనికి పంపువాడు రైల్వే కాగితములలో ‘కాల్ బాయ్’. మన చలనచిత్ర పరిశ్రమలో తారలను వెలిగించు దీపములను మోయువాడు ‘లైట్ బాయ్’. అన్నము వడ్డించువాడు ‘ప్రొడక్షన్ బాయ్’. ముఖమున చెమట అద్దువాడు ‘టచప్ బాయ్’. అరువదేండ్ల కథానాయకుని ‘యంగ్ హీరో’ యనుటకును, ఏబదేండ్ల దీపపు పనివానిని ‘బాయ్’ అనుటకును గల భేదము చెప్పుటకు వ్యాకరణము చాలదు. కచ్చేరీలో టీ తెచ్చు పెద్దాయన ‘ఆఫీసు బాయ్’. మనుమలు గల యా పెద్దాయన, ఇరువదిరెండేండ్ల గుమాస్తా ‘బాయ్’ అని పిలువగా ‘సార్’ అని పలుకుచున్నాడు.

శబ్దమునకేమో దోషము లేదనుటకు హైదరాబాదు వీధులే సాక్ష్యము. అక్కడ ఇంచుమించు ఇదే ధ్వనితో ‘భాయ్’ అని పిలిచినచో సోదరుడని యర్థము. పిలిచినవాడును పిలిపించుకొన్నవాడును సమానులగుదురు. తెలంగాణపు పల్లెలో ‘బాయి’ యనగా దప్పి తీర్చు బావి. సింగరేణి ప్రాంతమున బొగ్గు గని ‘బొగ్గుబాయి’. మహారాష్ట్రులకు ‘బాయీ’ యనగా పూజ్యురాలైన స్త్రీ. ఇన్ని మర్యాదలు ఒక ధ్వనిచుట్టు నుండగా, వానినన్నిటిని విడిచి, గోవాలో గొడుగు పట్టించి మెంఫిసులో చెత్తబండి మోయించిన మాటనే మన దుకాణములు ఏరుకొన్నవి!

మాటలతో నేమగును, కూలి పెంచినచో చాలదా యని అడుగువారికి మా సమాధానమిది. కూలిని నిర్ణయించునది కూడ ఈ మాటయే. బాలుని సంపాదన చిల్లర ఖర్చులకు గదా! వానికి ఇల్లు లేదు, అద్దె లేదు, బిడ్డల బడి జీతము లేదు, ముసలి తల్లి మందులు లేవు. కనుక వానికి నెలజీతమేల, సెలవేల, భవిష్యనిధి యేల? మెంఫిసు పనివారికి ఇది తెలిసియే అట్టమీద ఆ మాట వ్రాసికొనిరి. 2022లో నీతి ఆయోగు ప్రకటించిన నివేదిక ప్రకారము 2020-21లో ఇట్టి విడిపనులు చేయువారు మన దేశమున 77 లక్షలు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురని అంచనా. ఇంతమందిని ఏ పేరున పిలిచెదమనునది ముచ్చటకొరకైన ప్రశ్న గాదు. వీరికి చట్టములో మొదటిసారి చోటు దొరకినది 2020వ సంవత్సరపు సాంఘిక భద్రతా స్మృతిలో. 2023లో రాజస్థాన రాష్ట్రము వీరికొరకే యొక చట్టము చేసినది. ఆ చట్టముల రెండింటిలోను వారికి పెట్టిన పేరు శ్రామికుడనియే; బాలుడని గాదు.

కంపెనీలవారు ఈ చిక్కు గ్రహింపనివారు గారు. వారు ‘బాయ్’ మాట మాని, ‘డెలివరీ పార్టనర్’ అనుచున్నారు. పార్టనరనగా భాగస్వామి. 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము ప్రకారము లాభమును పంచుకొనుటకు ఒడంబడినవారే భాగస్వాములు. వానలో తడిసి మూడవ అంతస్తునకు అన్నపు పొట్లము మోసిన భాగస్వామికి ఏ సంవత్సరాంతమున లాభములో ఎంత పాలు ముట్టినదో కంపెనీలు ప్రకటించినచో మేము సంతోషముతో అచ్చువేయుదుము. బాయ్ అనిపించుకొన్నవాడు వేతనము అడుగుటకు చిన్నవాడు. భాగస్వామి యనిపించుకొన్నవాడు వేతనము అడుగుటకు మరీ పెద్దవాడు. రెండు పేర్లకును నడుమ ‘పనివాడు’ అను నిజమైన పేరు జారిపోవుచున్నది.

పిలుచుటకు మన భాషలో మాటలు కరవా? తెలుగువాడు దారినపోవు అపరిచితుని సైతము చుట్టము చేసికొని గాని పలుకరింపడు. తనకంటె పెద్దవాడైన ‘అన్నా’ యనును, చిన్నవాడైన ‘తమ్ముడూ’ యనును. తెలంగాణమున ‘తమ్మీ’ యందురు. నెరసిన తల కనబడిన ‘బాబాయి గారూ’ యనుటయు, ‘పెద్దాయనా’ యనుటయు నందరెరిగినదే. ఈ పిలుపులలో వయస్సు గలదు, అబద్ధము లేదు. ఇక వృత్తికి పేరు కావలెనన్నచో ‘బట్వాడా’ అను మాట మన తపాలా కచ్చేరీలలో తరతరములుగ నలిగినదే. ఉత్తరము బట్వాడా చేసినట్లే అన్నమును, మందును, పుస్తకమును బట్వాడా చేయవచ్చును. బట్వాడాదారుడన్న పేరు నోటికి బరువన్నవారు కొందరుందురు. ‘ఎగ్జిక్యూటివ్’ అను మాటను ఒక్క గుక్కలో మింగినవారికి బట్వాడాదారుడు గొంతుకడ్డముపడునని మేము నమ్మము. వార్డు బాయ్‌ను ‘వార్డు సహాయకుడు’ అనవచ్చును; దీపపు పనివానిని దీపపు పనివాడనియే యనవచ్చును. కాల్ బాయ్‌కు మాత్రము తగిన తెలుగు మాట మాకింకను తోచలేదు. రైల్వే కుటుంబముల పాఠకులు, వాడుకలో నున్న మాట యేదైన నున్నచో, వ్రాసి పంపవలెనని కోరుచున్నాము.

మా పత్రికకు ప్రకటనలు పంపు వర్తకులకు ఒక మాట. రాబోవు సంచికనుండి ‘బాయ్స్ కావలెను’ అని వచ్చు ప్రకటనలను ‘బట్వాడాదారులు కావలెను’, ‘పనివారు కావలెను’ అని మార్చి అచ్చు వేయుదుము. వేతనమెంతయో అందు వ్రాసియుండవలెను. అక్షరములు పెరిగి పంక్తి పెరిగినచో, ఆ పెరిగిన పంక్తికి రుసుము తీసికొనము.